అక్కకు నేను తాగించిన ప్రోటీన్ పొడి

ఆఫీసులో ఆరోగ్య శిబిరం పెట్టిన రోజు నర్సమ్మ నా నడుముకు టేపు చుట్టి, అంకె చదివి, రాసుకునే ఆమెకు వినపడేలా గట్టిగా చెప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వక ఏం చేసేది? తిరుపతిలో ఒక ట్రస్టు ఆఫీసులో గుమాస్తాను. ఇరవై ఏళ్లుగా కుర్చీలోనే కూర్చొని ఉండాను.

వారానికి రిపోర్టులు వచ్చినాయి. షుగరు వచ్చే అంచున ఉండానని, లివరుకు కొవ్వు పట్టిందని డాక్టరు చెప్పినాడు. రోజూ ఏమి తింటారని అడిగినాడు. పొద్దున నెయ్యి కారే పొంగలి, మధ్యాహ్నం సాంబారన్నం, దాని మీద పెరుగన్నం, సాయంత్రం బజ్జీలు, రాత్రికి మళ్లీ అన్నం. చెప్పేకొద్దీ నాకే సిగ్గేసింది.

"ఇందులో పప్పెంత?" అన్నాడు.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రాదు. పప్పంటే సాంబారు అడుగున ఉండే నాలుగు బద్దలే.

"మీ తిండంతా పిండిపదార్థమే. ప్రోటీన్ ఉండే తిండి తింటే కడుపు నిండినట్టుంటుంది, మాటిమాటికీ ఆకలెయ్యదు. అన్నం సగం చేసి పప్పు, శనగలు, పెరుగు పెంచండి. నడవండి," అని పంపించినాడు.

అంత సులభమైన మాట నా చెవికెక్కలేదు. ప్రోటీన్ అనే ముక్క ఒక్కటే ఎక్కింది.

మా సెక్షన్‌లో పనిచేసే ఒకాయన పొద్దున పూట ఒళ్లు తగ్గించే క్లబ్బు నడిపేవాడు. కోచ్ అని పిలిపించుకునేవాడు. "పప్పు తిని ఎవుడు సన్నబడినాడప్పా? నాతో రా," అని బస్టాండు పక్క సందులో ఒక మేడ మీదికి తీసుకుపోయినాడు. ఆడ ఇరవై మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చొని ఉండారు. గోడల నిండా పొట్టల ఫొటోలు. ముందు పొట్ట, తర్వాత పొట్ట. ఒక్కొక్కరినీ తూకం మిషను ఎక్కించి, తగ్గితే చప్పట్లు కొట్టేవాళ్లు, పెరిగితే "అయ్యో" అని అందరూ ఒకేసారి అరిచేవాళ్లు. ఒక పెద్దావిడ అరకిలో పెరిగినందుకు కళ్లనీళ్లు పెట్టుకుంటే, దానికీ చప్పట్లు కొట్టినారు.

ఆడ అమ్మే ప్రోటీన్ పొడి నీళ్లలో కలిపి గ్లాసు చేతికిచ్చినారు. సున్నం నీళ్లలో చక్కెర కలిపినట్టు ఉండాది. నాలుకకు జిగటగా అంటుకొని, గొంతు దిగినాక కూడా పోలేదు. ఇంకో చిన్న డబ్బాలో గులాబీ రంగు పొడి ఉండాది. అమైనో ఆమ్లాలంట, ప్రోటీన్ అరిగితే వచ్చేవి అవేనంట. కండ పడుతుందని, కొవ్వు కరుగుతుందని దాన్ని కూడా పోసినారు. ఆఫీసుకు పోయి కూర్చుంటే మధ్యాహ్నం దాకా అదే తేనుపు. ఆ కంపు నాకే వచ్చేది, పక్కవాళ్లకు వస్తుందేమోనని నోరు మూసుకొని ఉండేవాణ్ణి.

అయినా మానలేదు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గినాను. పొద్దున ఆ గ్లాసుతో సరిపెట్టుకొని పొంగలి, బజ్జీలు మానేసినందువల్ల తగ్గినానని అప్పుడు తోచలేదు, పొడి వల్లేననుకున్నాను. కోచ్ నన్ను ఫొటో తీయిస్తా, "ముందు ఫొటోకు ఊపిరి వదిలేసి పొట్ట బయటికి పెట్టప్పా," అన్నాడు. పెట్టినాను. తర్వాత ఫొటోకు ఊపిరి బిగబట్టినాను. రెండూ ఒకే పొద్దున, పది నిమిషాల తేడాతో తీసినవి. రెండింటికీ వేరే వేరే చొక్కాలు వేసినారు. ఆ బొమ్మ గోడకెక్కితే నేను సంతోషపడినాను. ఈ మాట రాస్తా ఉంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

అంతటితో ఆగినా బాగుండేది. నగరిలో మా అక్క ఉండాది. హైస్కూలు టీచరుగా చేసి రిటైరయింది. పదేళ్లుగా షుగరు. ఒక ఆదివారం డబ్బా సంచిలో పెట్టుకొని బస్సెక్కినాను.

"ఇదేందిరా?" అనింది.

"ప్రోటీనక్కా. నన్ను సూడు ఎట్ల తగ్గినానో."

అక్క డబ్బా తిప్పి తిప్పి చూసింది. "డాక్టరు నాకు పప్పు కూడా కొలిచి తినమన్నాడురా. కిడ్నీ కొంచెం బలహీనంగా ఉండాదంట."

నేను ఆడినుంచే కోచ్‌కు ఫోను చేసినాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఏం కాదప్పా. ఇది మందు గాదు, ఆహారం. కిడ్నీకి బలం," అన్నాడు. ఆ మాటే అక్కకు చెప్పినాను, నాకు తెలిసినట్టే చెప్పినాను. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, తమ్ముడు చెప్పినాడని తాగింది. రోజూ ఫోను చేసి తాగినావా అని అడిగేవాణ్ణి. వాంతికొచ్చేట్టు ఉందని ఒకసారి అనింది. అలవాటయిపోతుందిలే అన్నాను.

రెండు నెలలకు అక్క కాళ్లు వాచినాయి. చెప్పుల్లో పాదాలు పట్టలేదు. మొహం కూడా ఉబ్బింది. తిరుపతికి తీసుకొచ్చి కిడ్నీ డాక్టరమ్మకు చూపించినాను. ఆమె పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి, "కొత్తగా ఏమైనా తీసుకుంటున్నారా?" అని అడిగింది. అక్క నావైపు చూసింది. నేనే చెప్పినాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఒంటికి కావాల్సినంత అమైనో ఆమ్లాలు వాడుకున్నాక, మిగిలినదాన్ని విరగ్గొట్టి ఆ వ్యర్థాన్ని కిడ్నీలే బయటికి పంపాలి. ఈమె కిడ్నీలు ముందే అలిసిపోయి ఉన్నాయి. వాటి మీద మీరు రెండు నెలలు డబ్బాలకొద్దీ బరువు వేశారు."

"నేను తగ్గినాను మేడమ్," అన్నాను. అదేదో సాక్ష్యమైనట్టు.

"మీరేమి మానేశారో చెప్పండి."

"పొంగలి. బజ్జీలు."

"అందుకే తగ్గారు. మీకు ప్రోటీన్ అవసరమే, పప్పూ శనగలూ సరిపోతాయి. ఒళ్లు పెరిగి షుగరు అంచున ఉన్నవాళ్ల రక్తంలో కొన్ని అమైనో ఆమ్లాలు ముందే ఎక్కువగా ఉంటాయి. తినే తిండి తగ్గించకుండా పైన పొడి పోస్తే మేలని నేనైతే చెప్పను. మీ అక్కకేమో ప్రోటీన్ కొలిచి ఇవ్వాలి. మీ ఇద్దరికీ ఒకే డబ్బా ఎట్లా సరిపోతుంది?"

మరుసటి పొద్దున క్లబ్బుకు పోయినాను. తూకం జరుగుతా ఉండాది. అందరి ముందరే కోచ్‌ను అడిగినాను, మా అక్క కాళ్లు వాచినాయి, ఏం చెప్తావని.

"నీళ్లు తక్కువ తాగినట్టుండాదప్పా," అన్నాడు.

"కిడ్నీకి బలమన్నావు కదా."

"ఈడ నెగటివ్ మాటలొద్దు. కొత్తవాళ్లు వచ్చినారు," అని నా భుజం మీద చెయ్యేసి, గ్లాసు అందిచ్చినాడు. అట్లాంటి సమయంలో కూడా గ్లాసే. దాన్ని పక్కకు తోసేసినాను. గోడ మీద నా ఫొటో చించి, ముక్కలు చేసి జేబులో వేసుకొని దిగి వచ్చేసినాను. వెనక ఎవరో బరువు తగ్గినట్టున్నారు, చప్పట్లు వినిపించినాయి.

అక్క వాపు మందులకు, ఉప్పు తగ్గించినందుకు నెల రోజుల్లో దిగింది. కిడ్నీ మాత్రం మునుపున్న చోటికి రాలేదు. రాదని కూడా డాక్టరమ్మ చెప్పింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఒకసారి నేనే ఏడుస్తా ఆ మాట ఎత్తితే, "వద్దులేరా, తెలిసి చేసినావా," అని కూరగాయలు తరుక్కుంటా ఉండిపోయింది. తెలుసుకోకుండా చేసినాను, అదే కదా నా తప్పు.

ఇప్పుడు మా ఇంట్లో పప్పు గట్టిగా ఉంటుంది. అలసందల గుగ్గిళ్లు, పెసలు, మజ్జిగ. అన్నం గిన్నె చిన్నదయింది. షుగరు కొంచెం వెనక్కి పోయింది, నడుము ఒక రెండు వేళ్లు తగ్గింది. ఎవరికీ ఫొటో చూపించేంత ఏమీ లేదు.

కోచ్ ఇప్పటికీ మా సెక్షన్‌లోనే ఉండాడు, క్లబ్బు నడస్తానే ఉండాది. వారానికి రెండు మూడు దినాలు పొద్దున ఆఫీసుకు ముందు ఆ సందులో మెట్ల కింద నిలబడి, ఎక్కేవాళ్లను అడుగుతాను, కిడ్నీ పరీక్ష చేయించుకున్నారా అని. కొందరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. ఒకాయన, నీకేమి కడుపుమంటప్పా అని తిట్టినాడు. పోయిన వారం ఒకామె నాలుగు మెట్లెక్కి ఆగింది. కిందికి దిగొచ్చి, "ఏం పరీక్షన్నా అది? యాడ చేస్తారు?" అని అడిగింది. కిడ్నీ ఎట్లా ఉందో చెప్పే రక్తపరీక్ష పేరు, క్రియాటినిన్ అని, ఒక కాగితం మీద రాసి, గవర్నమెంటు ఆసుపత్రిలో చేస్తారని చెప్పినాను. ఆమె ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకొని బస్టాండు వైపు పోయింది.