పెద్దమ్మ కథలో ఐదో మనిషి

మొన్న మంగళవారం పొద్దున మా ఎదురింటి పెద్దమ్మ కన్ను మూసింది. పాలు పోసే ఆమె రోజూలాగే తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లి, గిన్నెలో పాలు పోసి, పిలిచినా పలకకపోయేసరికి మా ఇంటికి వచ్చింది. మేం వెళ్లి చూస్తే గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయిందని డాక్టరు అన్నాడు. జహీరాబాద్‌లో చావు కబురు బస్సుల కంటే ముందే తిరుగుతుంది. మధ్యాహ్నం కాకముందే రాయికోడ్ నుంచి, మొగుడంపల్లి నుంచి చుట్టాలు దిగారు. వాళ్లందరూ ఒకటే అడిగారు: "ఒక్కతే ఉంటుండె కద, లోపలి గడియ ఎట్ల తీసిన్రు?"

తియ్యలేదు. ఆ ఇంటికి గడియ పెట్టి ఉంటే కదా తియ్యడానికి. నేను ఈ గల్లీకి వచ్చినప్పటి నుంచి ఆమె తలుపు గడియ పడటం చూడలేదు. గడప పక్కన అరుగు మీద ఒక ఇత్తడి చెంబు, నిండా నీళ్లు, పైన మూత. మగవాళ్లు ఆట పట్టించేవాళ్లు, "పెద్దమ్మా, దొంగలకు దావత్ ఇస్తున్నవా?" అని. "దొంగకు సుత దూప అయితది బిడ్డా" అనేది. దూప అంటే దాహమని తెలియని వాళ్లు మా వైపు ఎవరూ ఉండరు కాబట్టి అందరూ నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వాను.

ఆమె గొప్ప మనిషని రాయడానికి కూర్చోలేదు. అట్లా రాస్తే ఆమెకే నచ్చదు. ఆమె సినిమా కథ ఎట్లా చెప్పేదో రాయాలని కూర్చున్నాను. అది రాయాలంటే మా గల్లీ గురించి రాయక తప్పదు.

నేను పెళ్లయి నిజామాబాద్ నుంచి వచ్చేనాటికి ఇక్కడ టీవీలు లేవు. టూరింగ్ టాకీస్ ఉండేది. కోడళ్లం సినిమాకు పోవడం అంత తేలిక కాదు. పెద్దమ్మను అడిగేవాళ్లు లేరు. భర్త పోయాడు, కొడుకు బొంబాయి లారీల మీద తిరిగేవాడు. ఆమె మ్యాట్నీ చూసి వచ్చేది, మర్నాడు మధ్యాహ్నం మా వాకిట్లో కథ చెప్పేది. మా మామయ్యది అల్లం వ్యాపారం. గోనె సంచుల్లో వచ్చిన అల్లం మట్టి దులిపి, కుళ్లిన కొమ్ములు ఏరి పక్కన పెట్టడం ఆడవాళ్ల పని. గల్లీలో సగం మంది చేతులు ఆ అల్లంలో ఉండేవి, చెవులు ఆమె దగ్గర ఉండేవి.

అందరికీ ఇష్టమైంది ఒక దయ్యం సినిమా. నలుగురు కలిసి ఒక పిల్లను చంపుతారు, ఆమె దయ్యమై వచ్చి ఒక్కొక్కరినీ పట్టుకుంటుంది. చెప్పమని బతిమాలి, ఆమె మొదలు పెట్టగానే తొందర పెట్టేవాళ్లం. "దయ్యం ఎప్పుడొస్తది పెద్దమ్మా?"

"ముందుగాల ఆ పిల్లతోని జర సేపు ఉండున్రి" అనేది. "సచ్చేది ఎట్లైన సస్తది."

అప్పుడు ఆ పిల్ల నడక, పాట, దాచుకుని తినే బెల్లం ముక్క, చెల్లెలి జడ వేస్తూ చెప్పే అబద్ధాలు, అన్నీ వచ్చేవి. మేం విసుక్కుంటూనే ఆ పిల్లను ఇంట్లో మనిషిని చేసుకునేవాళ్లం. సరిగ్గా అప్పుడు చంపేసేది. చంపి, కొంగు దులుపుకుని లేచేది. "ఇంటర్వెల్. చాయ్ పెట్టున్రి." ఆ చాయ్ చల్లారేదాకా ఆ పిల్ల గురించే మాట్లాడుకునేవాళ్లం. భయపెట్టాలంటే దయ్యాన్ని చూపిస్తే చాలదు, ముందు మనిషిని చూపించాలి అని నాకు నేర్పింది ఆమే. నేను ఇప్పుడు నాలుగు కథలు రాసి పత్రికలకు పంపుతున్నానంటే ఆ వాకిలి చలవే.

చాయ్ తర్వాత పగ. దానికీ ఆమెకు ఒక పద్ధతి ఉండేది. చిన్న తప్పు చేసినవాడి దగ్గరికి దయ్యం ముందు వస్తుంది, పెద్ద తప్పు చేసినవాడి దగ్గరికి చివర. "పెద్దోన్ని మొదలే చంపితే చిన్నోళ్లు ఊపిరి పీల్చుకుంటరు. పెద్దోడు కూసోని చూడాలె, తన వంతు ఎప్పుడని." ఇంకో సంగతి, ఆమె కథలో దయ్యం మాట్లాడదు. నవ్వదు, అరవదు. ఎందుకు మాట్లాడదని ఒకసారి అడిగాను. "మాట్లాడనియ్యలే కద" అంది. చచ్చిపోయిన పిల్ల గురించి అంటోందనుకుని ఊరుకున్నాను.

నలుగురూ అయ్యాక ఐదో మనిషి వచ్చేది. ఐదోది ఆడది. పిల్లను తరుముతుంటే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి ఈమె తలుపు కొట్టింది. ఈమె తియ్యలేదు. అంతే ఆమె చేసింది. దయ్యం అందరికంటే చివర ఆమె ఇంటికి వచ్చి తలుపు కొడుతుంది, ఆమె భయంతో తలుపు వెనకే ప్రాణం వదిలేస్తుంది. కథ సమాప్తం. నాకు అది లెక్క తప్పినట్టు అనిపించింది.

"తలుపు ఒక్కటే కదా పెద్దమ్మా తియ్యంది. నీ పద్ధతిల ఆమె దగ్గరికి మొదలు రావాలె కద."

"తప్పు చిన్నదని ఎవలు చెప్పిన్రు బిడ్డా నీకు?" అంది. చుట్టూ ఎవరూ తల ఎత్తలేదు. అల్లం మీద అంత శ్రద్ధ నేను ముందెప్పుడూ చూడలేదు. కథలో లీనమయ్యారు అనుకున్నాను. కొత్త కోడలిని, అప్పటికి నాకు వచ్చిన తెలివి అంతే.

కొన్నేళ్లకు ఆమె ఎవరిదో పెళ్లికని బీదర్ వైపు ఊరికి వెళ్లి వచ్చింది. వచ్చాక చాలా రోజులు కథలు చెప్పలేదు. మేం పోరు పెడితే మళ్లీ ఆ దయ్యం సినిమానే ఎత్తుకుంది. అంతా పాత కథే, చివర తప్ప. ఈసారి దయ్యం ఐదో మనిషి ఇంటికి రాలేదు. ఐదో మనిషే వెతుక్కుంటూ దయ్యం దగ్గరికి పోయింది. దయ్యం ఆమెను చూసి, లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మళ్లీ పోయి తన పని చేసుకుంది. అయిపోయింది.

మాకు ఒళ్లు మండింది. "గదేం కథ? పగ తీరనే లేదు" అన్నారెవరో.

"తీర్చుకుంటే అయిపోతుండె" అంది పెద్దమ్మ. "అయిపోలే."

తర్వాత రోజులు మారాయి. టాకీస్ మూతపడింది, వీడియో క్యాసెట్లు అద్దెకు దొరకడం మొదలైంది. నిరుడు వినాయక చవితికి మండపం దగ్గర టీవీ పెట్టి, ఏ సినిమా కావాలని అడిగితే నేనే ఈ దయ్యం సినిమా పేరు చెప్పాను. పెద్దమ్మను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆమె సినిమా ఆమెకే చూపిస్తున్నానని నా మురిపెం.

సినిమాలో దయ్యం మొదటి సీనులోనే వచ్చింది. ఒకటే నవ్వు, ఒకటే అరుపు. నలుగురూ చచ్చారు. నాలుగోవాడు చావగానే దయ్యం దేవుడికి దండం పెట్టి వెలుగులో కలిసిపోయింది. అయిపోయింది. ఐదో మనిషి లేదు. తలుపు లేదు. నేను తిరిగి చూసేసరికి పెద్దమ్మ కుర్చీలో లేదు.

ఇంటికి వచ్చి అత్తమ్మను అడిగాను, పెద్దమ్మ ఐదో మనిషిని ఎక్కడి నుంచి తెచ్చిందని. అత్తమ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు మోకాళ్లు రుద్దుకుంది.

"సినిమాల లేదు. ఈ గల్లీల ఉన్నది" అంది.

నేను కాపురానికి రాకముందు, గల్లీ చివరి ఇంట్లో ఒక ఒంటరి ఆడమనిషి ఉండేదట. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతూ, జాకెట్లు కుట్టి బతికేది. ఎవరి పిల్లాడికో మూర్ఛలు మొదలయ్యాయి. ఎవరో బాణామతి అన్నారు. బాణామతి అంటే చేతబడి. చేసేవాళ్ల ముందరి పళ్లు ఊడగొడితే నోట మంత్రం పలకదని, పిల్లాడికి నయమవుతుందని ఈ వైపు నమ్మకం. పిల్లాడిని దవాఖానకు తీసుకుపోవాల్సిన వాళ్లు ఆమె మీదికి పోయారు. పట్టపగలు. ఆమె గల్లీ పొడుగునా పరుగెత్తుతూ తలుపులు కొట్టింది. అందరి దగ్గరా ఆమె కుట్టిన జాకెట్లే ఉన్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చివరగా కొట్టింది పెద్దమ్మ తలుపు. అక్కడే పట్టుకున్నారు.

"మన తలుపు గూడ కొట్టింది" అంది అత్తమ్మ. "నేను గడియ మీద చెయ్యి పెట్టిన. తీద్దామని కాదు. మంచిగ పడ్డదా లేదా అని చూసిన."

ఆ మాట అన్నాక ఆమె నా వైపు చూడలేదు, నేనూ ఆమె వైపు చూడలేకపోయాను. ఆ వాకిట్లో ఏళ్ల తరబడి పెద్దమ్మ ఎవరి కథ చెబుతోందో నాకు తప్ప అందరికీ తెలుసు. తెలిసి వినేవాళ్లు. విని, తల వంచుకుని అల్లం ఏరేవాళ్లు. నేనొక్కదాన్ని మధ్యలో కూర్చుని, దయ్యం ఎప్పుడొస్తదని అడిగేదాన్ని. ఆ సిగ్గు ఇప్పటికీ ఒంటి మీద పాకుతున్నట్టే ఉంటుంది.

మర్నాడు పెద్దమ్మ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"పెండ్లి వంక పెట్టుకొని పోయిన బిడ్డా. ఆమె బీదర్ దిక్కు అన్న ఇంట్ల ఉన్నదని తెలిసింది. తిడ్తదేమో, కొడ్తదేమో అనుకున్న. తిట్టిన అయిపోతుండె. తలుపు తీసే ఉన్నది. మిషన్ కాడ కూసోని కుడుతున్నది. నన్ను గుర్తు పట్టింది. లేసి పోయి నీళ్లు తెచ్చిచ్చింది. తాగిన. మల్ల పోయి మిషన్ తొక్కుడు మొదలు పెట్టింది. నేను ఒక్క మాటన్న అనాలె కద. ఆమె నోట్లె పళ్లు లెవ్వు. నా నోట్లె అన్నీ ఉన్నయి. నాకే మాట రాలే."

"ఆమె ఇటు వస్తదంటవా పెద్దమ్మా ఎప్పుడన్న?"

"ఎందుకొస్తది? రాదు" అని, "వస్తే మాత్రం కొట్టనియ్యద్దు తలుపు" అంది.

నేను అప్పటికి ఈ ఇంటికి రాలేదు కదా అని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. మొన్నీమధ్యే హైవే మీద ఎవరినో నలుగురు పట్టుకుని కొడుతున్నారని కేకలు వినబడితే నేను పిల్లల్ని లోపలికి లాగి గడియ పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా తియ్యలేదు. ఆమె అంత కష్టపడి అన్నేళ్లు చెప్పిన కథను నేను ఎట్లా విన్నానో దీన్ని బట్టే తెలుస్తుంది. ఆమె బతికుండగా ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే తిట్టేది కాదు, నీళ్లు ఇచ్చేది. ఆ భయంతోనే చెప్పలేదు.

పెద్దమ్మ కొడుకు బొంబాయి నుంచి వచ్చి చెయ్యవలసినవన్నీ చేశాడు. నిన్న మళ్లీ లారీ ఎక్కబోతూ ఆ తలుపుకు తాళం వేశాడు. తాళం కొత్తది, కొని తెచ్చాడు. ఆ ఇంట్లో పాత తాళం లేదు. చెంబు అరుగు మీదే ఉండిపోయింది.

సాయంత్రం అత్తమ్మ కర్ర పట్టుకుని గల్లీ దాటి ఎదురింటి అరుగు దగ్గరికి వెళ్లింది. నేను తెస్తానన్నా వినలేదు. చెంబు తెచ్చి, చింతపండు పెట్టి తోమి, నీళ్లు నింపి మా గడప పక్కన పెట్టింది. మూత సరిచేసింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆమె లోపలికి వచ్చి, ఎప్పటి అలవాటో, తలుపు మూసి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. ఆమె అడుగులు మంచం దాకా రాలేదు. అక్కడే నిలబడి ఉంది. కాసేపటికి గడియ తీసిన చప్పుడు వినిపించింది.