గినీపిగ్‌కి లంకణం

మా గినీపిగ్‌కి పొట్ట ఉబ్బిందంటే తప్పు కేబేజీది. కార్తీకం వచ్చిందంటే అరకు సంతలో ఎటు చూసినా కేబేజీయే. పై ఆకులు పారేయడానికి నాకు మనసొప్పదు. మా అమ్మాయి విశాఖ హాస్టల్‌కి వెళ్తూ ఈ జంతువుని మాకు అప్పగించినప్పటి నుంచి నేనూ అత్తగారూ పోటీలు పడి ఆ ఆకులు దానికి పెట్టేవాళ్లం. కరకరా నమిలేస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది మరి.

ఆ సోమవారం పొద్దున అది బుట్టలో ఒక మూల ముడుచుకుని కూర్చుంది. రోజూ నా అడుగు వినబడగానే కూసేది, ఆ రోజు పలకలేదు. చేతిలోకి తీసుకుంటే పొట్ట బిగుసుకుపోయి ఉంది. పెంటికలు కూడా పెద్దగా పడలేదు.

విశాఖలో పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను. ‘‘ఇంకా ముదరలేదు, కంగారు పడకండి. కేబేజీ మానేయండి, ఎండుగడ్డి మాత్రం తింటూనే ఉండాలి. దీని పేగులు ఖాళీగా ఉంటే ఆగిపోతాయి, అదీ ప్రమాదం. సాయంత్రానికి పెంటికలు వేయకపోతే తీసుకొచ్చేయండి’’ అన్నారు. బుట్ట నిండా గడ్డి వేసి, ‘‘అత్తయ్యా, ఇది గడ్డి తింటోందో లేదో కాస్త చూడండి’’ అని చెప్పి బడికి పరిగెత్తాను. పిల్లలు ప్రార్థనలో నిలబడే వేళకి నేను అక్కడ ఉండాలి.

మా అత్తగారిది సాలూరు దగ్గర పల్లె. ఆవిడ వైద్యమంతా ఒక్కటే, లంకణం. నా పెళ్లయిన కొత్తలో జ్వరం వస్తే నాకూ అదే వైద్యం చేశారు. ఆకలికి తట్టుకోలేక జ్వరమే పారిపోయింది.

సాయంత్రం వచ్చి చూద్దును కదా, బుట్టలో ఒక్క గడ్డిపోచ లేదు.

‘‘గడ్డి ఏదత్తయ్యా?’’

‘‘నానే తీసీసినాను. పొట్ట ఉబ్బినోళ్లకి ఎవులైనా మేతెడతారేటి? లంకణం పరమౌషధం. నానూ తిన్లేదు, అదీ తిన్లేదు.’’

నాకు ఒళ్లు మండింది. ‘‘మీది కార్తీక సోమవారం, మీకు పుణ్యం వస్తుంది. దానికెందుకండీ పుణ్యం? తినకపోతే పేగులు ఆగి చచ్చిపోతుందన్నారు డాక్టరు!’’

అత్తగారి ముఖం పాలిపోయింది. ‘‘సచ్చిపోద్దా? ఆ మాట పొద్దున్నే సెప్పకపోతే నాకెలా తెలుస్తాది?’’ అన్నారు. అదీ నిజమే. నేను గడ్డి సంగతి చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు.

విశాఖ వెళ్లాలంటే మళ్లీ పొద్దున్నే బస్సు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. గడ్డి కట్టలోంచి మెత్తటి పోచలు ఏరి ఒక్కొక్కటే మూతి దగ్గర పెట్టారు. అది మొహం తిప్పేసుకుంది. నేను పక్కన కూర్చుని పొట్ట మీద వేళ్లతో మెల్లగా రాస్తున్నాను. ‘‘తినమ్మా, తిను. హాస్టల్ నుంచి గుంట ఫోన్ సేత్తే నానేటి సెప్పాలి?’’ అని ఆవిడ బతిమాలుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతకు ముందు కోపంతో ఊగిపోయిందీ నేనే.

చాలాసేపటికి ఒక పోచ కొన అందుకుంది. ఆగి, ఇంకొంచెం లోపలికి లాక్కుంది.

ఈలోగా కొండ పైన చుక్కలు పొడిచాయి. ‘‘లేవండత్తయ్యా, వడ్డిస్తాను’’ అన్నాను. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. ఆవిడ కడుపులో పేగుల అరుపు నాకు వినబడుతూనే ఉంది.

‘‘ఉండవే. దీని సంగతి తేలకుండా నాకు ముద్ద దిగుద్దేటి?’’

ఇంకో పోచ, మరో పోచ. దాని దవడలు ఆడుతుంటే మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అంతలో అత్తగారు ఉలిక్కిపడి ఒళ్లోకి చూసుకున్నారు. ఉపవాసం చీర మీద ఎవరి చెయ్యి తగిలినా మళ్లీ స్నానం చేసే మనిషి, కుచ్చిళ్లలో పడ్డ నల్లటి పెంటికల్ని ఏరి అరచేతిలో పెట్టుకుని దీపం దగ్గర నాకు చూపించారు.

‘‘ఇదిగో, ఏసీసిందే! ఇంక నాకు బేగి అన్నం ఎట్టు.’’