మిరప గోతాం కప్పిన లైటు

నేను పెదకాకాని దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. నిరుడు వార్షికోత్సవం నాటికకి పట్టపగలే హాలు తలుపులన్నీ మూయించి, లైట్లు సరిచూసుకుంటూ రిహార్సల్ చేయిస్తున్నాను. ఫోకస్ లైటు కళ్ళలో పొడుస్తోందని, మూలనున్న ఖాళీ మిరపకాయల గోతాం తెచ్చి దాని మీద కప్పాను. నా తెలివి అంత!

చనిపోయిన తల్లి వేషం ఏడో తరగతి సునీతది. స్టేజి మీద పడుకుని ఊరికే నవ్వుతోంది. "నేను లేవమనేదాకా కదిలావంటే ఊరుకోను" అని గదిమాను.

కాసేపటికే గోతాం కమిలి, హాలంతా మిరప ఘాటు కమ్మేసింది. ఊపిరాడటం లేదు. లైటు ఆపేసి, తలుపులు తీసి, "బయటికి పరుగెత్తండ్రా!" అని అరిచాను. అందరూ దగ్గుకుంటూ వరండాలోకి వచ్చిపడ్డారు. చూస్తే సునీత లేదు.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తాను. పొగలో ఆ పిల్ల ఎలా పడుకుందో అలాగే ఉంది. "సునీతా!" అంటూ భుజం పట్టి కుదిపాను.

మూసిన కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతుండగా, "ఇప్పుడు లేవచ్చా టీచర్?" అంది.

పిల్లలు మాట వినడం లేదని స్టాఫ్‌రూములో ఎవరైనా విసుక్కుంటే, నాకు ఆ మూసిన కళ్ళే గుర్తొస్తాయి.