సుగుణ మేడం పెట్టిన వంతు

డిసెంబరు చలిలో డీజిలు పొగ పైకి పోదు, నేలబారుగా పరుచుకుంటుంది. జగిత్యాలలో నేను పనిచేసే బడిలో పొద్దున్నే బస్సులు స్టార్టు చేయగానే ఆ పొగంతా ఆఫీసు కిటికీలోంచి లోపలికి వస్తుంది. అందరికీ దగ్గు వస్తుంది, నాకు మాత్రం కోపం వస్తుంది. ఏళ్లు గడిచినా చల్లారని కోపం. దాని వెనకే సుగుణ మేడం గుర్తుకొస్తుంది.

మీరు ఆమెను చూసి ఉండరు. సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడి ఆఫీసును ఒంటిచేత్తో నడిపిన మనిషి. పుట్టింది రుద్రంగిలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. భర్త మస్కట్‌లో ఉండేవాడు. కొంగు నడుముకు దోపుకొని కుర్చీ అంచున కూర్చునేది, ఎప్పుడు లేచి కొట్లాటకు పోవలసి వస్తుందో అన్నట్టు. కోనరావుపేట పక్కన మా ఊరి నుంచి డిగ్రీ కాగితాలు పట్టుకొని నేను ఆమె దగ్గర చేరాను. కంప్యూటరు వచ్చని గొప్పగా చెప్పుకున్నాను. నాకేమీ రాదని మొదటి పూటే ఆమెకు తెలిసిపోయింది.

నాకు అప్పగించిన పని బస్సు రూట్ల షీటు. ఒక్కో వరుసలో ఒక్కో స్టాపు, దాని పక్కన పిల్లల పేర్లు. పై వరుస నుంచి కింది వరుస దాకా అదే క్రమంలో బస్సు తిరగాలి, ఆ ప్రింటే డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లం. ఒకరోజు ఒక స్టాపును కిందికి జరపమంటే నేను ఉన్నదంతా చెరిపి మళ్లీ టైపు చేయబోయాను. మేడం నెత్తి కొట్టుకుంది.

"ఓయమ్మో! గట్ల చేస్తే తెల్లారుతది. వరుస మొత్తం పట్టుకో. షిఫ్టు ఒత్తిపట్టి అంచు దగ్గర గుంజు. రెండు వరుసల నడుమ సన్నటి గీత అస్తది చూడు, గాడ ఇడువు."

"షిఫ్టు ఒత్తకపోతే ఏమైతది మేడం?"

"ఏమైతది? పోయి ఒకల మీద ఒకలు కూసుంటరు. ఉన్నదాన్ని తీసెయ్యాల్నా అని గది అడుగుతది. నువ్వు సదువకుంట ఓకే కొడ్తవ్. కిందున్నోళ్లు మాయమైతరు. అందుకే బిడ్డా, ఏలు తియ్యకు."

కోనరావుపేట వైపు రూటు అయిదు ఊళ్ల చుట్టూ గుండ్రంగా తిరిగేది. ఎక్కడ మొదలుపెట్టినా ఖర్చయ్యే డీజిలు అంతే. కానీ పై వరుసలో ఎప్పుడూ మా చర్చి వాడే ఉండేది. మా పిల్లలు చీకట్లో ఎక్కి అన్ని ఊళ్లూ తిరిగి బడికి పోవాలి, సాయంత్రం బస్సు కింది వరుస నుంచి పైకి దింపుకుంటూ వచ్చేది కాబట్టి అందరూ దిగాక దిగాలి. అట్టడుగు వరుస కొత్త కాలనీది. పెద్ద ఇళ్లు, పెద్ద మనుషులు. కాలనీ పిల్లలు ఎక్కగానే బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ మా పిల్లల్ని లేపి నిలబెట్టేది. మా అక్క బిడ్డ గ్రేసీ అప్పుడు ఒకటో తరగతి. కిటికీకి తల ఆనించి నిద్రపోయేది, సరిగ్గా అప్పుడే లేపేవాళ్లు. ఒకరోజు అన్నం తింటూ ఈ సంగతి చెప్పాను. ఏదో చేయమని కాదు, ఊరికే చెప్పాను.

మేడం ముద్ద కిందపెట్టింది. "మా బాయి కాడ ముగ్గురన్నదమ్ములకు నీళ్ల వంతులుంటయి. నేనే రోజూ ముందుగాల పెట్టుకుంటనని ఒక్కడంటే తలకాయలు పల్గుతయి. బస్సుకెందుకు వంతుండద్దు?"

చేయి కడుక్కొని వచ్చి మా వాడ వరుసను పట్టుకుంది, అట్టడుగున వదిలింది. నెలనెలా పైనున్నవాళ్లు కిందికి పోవాలని డ్రైవరుకూ చెప్పింది. మర్నాడు గ్రేసీ ఎండ పొడిచాక లేచి, సద్దన్నం తిని, జడలు వేయించుకొని బడికి వచ్చింది. జడలతో బడికి రావడం దానికదే మొదలు.

కాలనీ మొదటి స్టాపు అయిపోయిందనుకునేరు. కాలేదు. ఒకే ఒక్క మెట్టు పైకి పోయింది, అంతే. అది కూడా ఓర్వలేకపోయారు. ఫోన్ల మీద ఫోన్లు. బడి నడిపే సారు మా ఆఫీసులోకి వచ్చాడు.

"మేడం, కాలనీ పిల్లలు అంత పొద్దుగాల లేస్తలేరట."

"వాడ పిల్లలు ఇన్నొద్దులు లేవలేదా సార్?"

"వాళ్లకు అలవాటు."

నేను పక్కనే ఉన్నాను. ఒళ్లు మండిపోయింది. మేడం మాత్రం నవ్వింది. "వీళ్లకూ అయితది సార్, అలవాటైతది."

ఆ సాయంత్రం మేము ఇళ్లకు పోయాక సారే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మర్నాడు మా వాడ పిల్లలు మంచులో నిలబడి నిలబడి కాళ్లు లాగాయి కానీ బస్సు రాలేదు. డ్రైవరును అడిగితే "షీటుల మీ స్టాపు లేదు" అన్నాడు. తెరిచి చూశాం. మా వాడ ఉండాల్సిన చోట కాలనీ కూర్చుని ఉంది. దాని పాత చోటు ఖాళీగా ఉంది. షిఫ్టు ఒత్తకుండా గుంజి, అడిగినదానికి ఓకే కొట్టాడు మహానుభావుడు. మమ్మల్ని తీసేయాలని కూడా అనుకొని ఉండడు. అనుకునేంత గుర్తు కూడా మేము ఆయనకు లేము.

ఆటోలు కట్టించుకొని వాడ వాళ్లంతా వచ్చారు. ముందున్నది మా బావే, గ్రేసీ నాయిన. సారు వేలు చూపించాడు. "వరుసలు మార్చింది మేడమే, ఆమెనే అడుగుండ్రి." మా బావ ఆమె మీదికి లేచాడు. "మా పోరగాండ్లు ఎప్పటిలెక్క పోతుండె గదమ్మా! నిన్నెవలు మార్చుమన్నరు?"

"బావా, మేడం కాదు, నిన్న పొద్దుమూకి సారే..." అని నేను అంటూనే ఉన్నాను. మేడం నా చేయి గట్టిగా పట్టుకుంది.

"తప్పు నాదే సార్. ఇప్పుడే పెడ్త."

సారు వెనక నిలబడి "వాడ మొదలు" అన్నాడు. ఆమె షిఫ్టు మీద వేలుంచి మా వాడను తీసుకుపోయి మళ్లీ పైన పెట్టింది. ప్రింటు డ్రైవరుకు ఇచ్చి, టిఫిను డబ్బా తీసుకొని వెళ్లిపోయింది. మళ్లీ రావద్దన్నారు. మా బావ ఒక్క మాట అడగలేదు. బస్సు వచ్చింది కదా, చాలు.

తర్వాత కోరుట్లలో ఒక బట్టల దుకాణంలో కనిపించింది, జాకెట్ ముక్కలు కొలుస్తూ. నేను కుశలం కూడా అడగలేదు. "తప్పు నాదే అని ఎందుకన్నరు మేడం?"

"సారుదంటే ఆయన మొండికేస్తుండె. పిల్లలు రోడ్డు మీదనే ఉందురు. నాదంటే బస్సు ఆ పొద్దే పాయె."

"మరి వంతు?"

గుడ్డను పర్రున చింపింది. "షీటు నీ చేతులనే ఉంటది గద బిడ్డా."

అంత భారం నా మీద పడేసి ఇంకో గిరాకీతో మాటల్లో పడింది. అందుకు ఆమె మీద కూడా నాకు కోపమే.

గ్రేసీ ఇప్పుడు నా దగ్గరే ఉండి ఇంటరు చదువుతోంది. కాలేజీ బాగా పొద్దెక్కాక ఉంటుంది. అయినా చీకట్లోనే లేచి మంచం మీద కూర్చుంటుంది. ఈ పొద్దు కూడా అంతే. "పండుకోవే" అన్నాను.

"నిద్ర పడ్తలేదు చిన్నమ్మా. అలవాటు."

ఆ మాట చెవిలో పెట్టుకొని బడికి వచ్చాను. ఇవాళ ఒకటో తారీఖు, ఇక్కడ వంతు మారే రోజు. కిటికీలోంచి పొగ వస్తోంది. షీటు తెరిచి పై వరుసను పట్టుకున్నాను. ఫోను మోగింది, ఎవరో పెద్దమనిషి. తమ పిల్లలకు అంత పొద్దున్నే లేచే అలవాటు లేదట.

"అయితది సార్," అన్నాను, "అలవాటైతది."

ఆయన అరుస్తూనే ఉన్నాడు. నేను వేలు తీయలేదు.