మైకు నానమ్మ చెవులు

మరమగ్గాల షెడ్డులో మా నానమ్మను అందరూ మైకు అంటారు. ఇంట్లో ఆమె ఉప్పు అందుకోమంటే మూడిళ్ల అవతల కూడా వినబడుతుంది. ముప్పై ఏళ్లు ఆ మోతలో నేసి నేసి చెవులు మొద్దుబారాయి గాని, ఆ మాట ఛస్తే ఒప్పుకోదు. షెడ్డులో అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఆమె వెనక నిలబడి నేనెంత వెక్కిరించినా తెలియదు. ముందుకొచ్చి గొణిగితే మాత్రం నా వీపు విమానం మోతే.

కార్మికుల ఆరోగ్యం కోసం చాలా దేశాలు కలిసి నడిపే సంస్థ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మగ్గాల వల్ల చెవులు చెడ్డాయని తేలితే యజమాని చప్పుడు తగ్గించాలి, మనుషులకు చెవి మూతలివ్వాలి. దేశాలన్నీ ఒప్పుకున్న మాట అది. ఎవరి పనీ పోదని కూడా చెప్పింది. నానమ్మ నమ్మలేదు. చెవిటిదని తేలితే ఇంటికి పంపేస్తారని ఆమె భయం.

క్యారియర్ ఇవ్వడానికి వెళ్లిన నేను, షెడ్డుకు దూరంగా చెవుల పరీక్ష పెట్టిన గదిలోనే ఉండిపోయాను. నానమ్మకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని మీట నొక్కుతోంది. నానమ్మ చూపంతా ఆమె బొటనవేలి మీదే. వేలు కదిలితే చెయ్యి లేస్తోంది.

"పదహారేళ్ల పిల్ల చెవులమ్మా మీవి," అంది డాక్టరమ్మ.

"మరేమనుకున్నారు," అంది నానమ్మ.

మిగతా ఆడవాళ్లూ అలాగే నెగ్గారు. చివరికి మా అమ్మ వంతు. ఆమె ఈ పనిలో చేరి రెండేళ్లే. ఆ తెలివి లేక, శ్రద్ధగా వినాలని కళ్లు మూసుకుంది. కుడిచెవి తగ్గిందని తేలింది.

"పడుకుంటే చెవిలో ఒకటే కూతండి," అంది అమ్మ.

"మిగతా అందరి చెవులూ బాగున్నాయి. మగ్గాల వల్లేనని ఎలా రాయనమ్మా?"

దూరం నుంచే ఇద్దరి పెదాలూ చదివిన నానమ్మ వచ్చి, అమ్మ గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

"కూత ఎప్పట్నించే?"

"పోయిన వానాకాలం నుంచి, అత్తయ్యా."

"నాకూ అలాగే మొదలైంది."

కుర్చీని గోడవైపు తిప్పి కూర్చుని, హెడ్‌ఫోన్ తనే పెట్టుకుంది. "ఇప్పుడు నొక్కండి."

డాక్టరమ్మ నొక్కింది. శబ్దం పెంచి మళ్లీ నొక్కింది. ఒళ్లో చేతులు ఒళ్లోనే ఉన్నాయి. చివరికది హెడ్‌ఫోన్ దాటి నాకే వినబడింది. డాక్టరమ్మ మీట వదిలేసి రాసుకోసాగింది.

"ఇంకా మొదలుపెట్టలేదా?" అని నానమ్మ గోడనడిగింది.

అమ్మ వెళ్లి, గోడకూ ఆమెకూ మధ్య దూరి, "అయిపోయింది, అత్తయ్యా," అంది.

నానమ్మ కాసేపు ఆ పెదాలనే చూసింది. తర్వాత లేచి, గుమ్మం దగ్గర నక్కిన తన జట్టును చూపించింది.

"వీళ్లనీ ఇలాగే తిప్పి కూర్చోబెట్టండి. దొంగముఖాలు, అందరూ వేలే చూశారు."