స్తంభానికి సున్నం

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "నేల కదులుతోందేమో చూస్తానండీ" అంటాను. అడిగినవాళ్ళు ఒకసారి కాళ్ళకేసి చూసుకుని మాట మార్చేస్తారు. మన దేశమంతా ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోందంటే, "వాస్తు ప్రకారం మంచిదేగా" అన్నాయన కూడా ఉన్నాడు.

అన్నీ కదిలేవే అయినప్పుడు ఏది ఎంత కదిలిందో దేన్ని పట్టుకుని చెప్పాలి? అందుకే ప్రపంచమంతటా స్తంభాలు కట్టి, ఉపగ్రహాల సంకేతాలందుకునే యాంటెన్నాలు పెట్టి, అన్నిటి లెక్కలూ కలిపి ఒక కొలతల చట్రం ఒప్పుకున్నారు. సముద్రం పెరిగిందన్నా, కొండ లేచిందన్నా ఆ చట్రంలో కొలిచే చెబుతారు. దాన్నిబట్టి లెక్క చూసుకునే చిన్న స్తంభం నాదొకటి ఉంది. నూజివీడు దగ్గర ఒక రిటైర్డ్ టీచరుగారి మామిడితోటలో, ఆవిడ ఒప్పుకుంటే, కొమ్మలు అడ్డం రాని మూల కట్టాం.

ఆ స్తంభం నాకు నాలుగేళ్ళు అన్నం పెట్టింది. ప్రతి డిసెంబరులోనూ అక్కడి నేల ఒక మిల్లీమీటరో, ఇంకాస్తో పైకి లేచేది. వానలకు భూగర్భజలం పెరిగి నేల ఉబ్బుతోందని సిద్ధాంతం చేశాను. మా పీహెచ్‌డీ గైడు మురిసిపోయి పత్రికకు వ్యాసం పంపించేయమన్నారు, పంపించేశాను. గ్రాఫు లేచే ముందల్లా డేటాలో ఒక పూట ఖాళీ ఉండేది. కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి ఉంటుందనుకున్నాను. మన దగ్గర దానికి వేరే కారణం ఎవరు వెతుకుతారు?

డేటా ల్యాబుకే వస్తుంది కాబట్టి కట్టాక మళ్ళీ అటు పోయే పని పడలేదు; కిందటి డిసెంబరులోనే మొదటిసారి బ్యాటరీ మార్చడానికి వెళ్ళాను. ఇల్లు తెల్లగా ఉంది. మామిడి మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. నా స్తంభం వాటన్నిటికంటే తెల్లగా ఉంది. యాంటెన్నా అరుగు మీద తువ్వాలు కప్పుకుని పడుకుంది. టీచరుగారి చేతిలో స్పానర్.

"ఇదేంటండీ?" అన్నాను.

"క్రిస్మస్ కదా బాబూ. అన్నిటికీ వేసి దీన్నొక్కదాన్నే వదిలేస్తే ఏం బాగుంటది? పైన కూడా వెయ్యాలంటే ఇది తియ్యాలిగా."

"ప్రతి ఏడూ తీస్తున్నారా?"

"రెండు పూతలు. ఆరాక మళ్ళీ నేనే బిగిస్తా. నీ వస్తువుకి దెబ్బేం తగల్లేదులే."

స్తంభం తల మీద గోరుతో గీరాను. పొర కింద పొర. నేను కనిపెట్టిన భూమి ఉబ్బు అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. నా నాలుగేళ్ళ పనంతా సున్నంలో ముంచేశారని నోటికొచ్చినట్టు అనేశాను. ఆవిడ లోపలికెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. యాంటెన్నా ఏ తేదీన ఎన్నింటికి తీశారో, ఎన్నింటికి బిగించారో, ఏ ఏడాదీ తప్పకుండా రాసి ఉంది. హాజరు వేసిన చెయ్యి మరి! మా ల్యాబులో ఎవరమూ అంత బుద్ధిగా రాయం. సిగ్గుతో తల దించుకున్నాను.

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని గైడుకు రాయడానికి రెండు రోజులు గింజుకుని, చివరికి రాశాను. తర్వాత ఆ తేదీల ప్రకారం సున్నం ఎత్తంతా లెక్కలోంచి తీసేశాను. తీసేస్తే గ్రాఫులో గీత ఎటూ పోకుండా నిలబడుతుందనుకున్నాను. నిలబడలేదు, కిందికి దిగింది. తప్పు చట్రంలో ఉందేమోనని దూరపు స్తంభాలన్నీ చూశాను. అవి బాగానే ఉన్నాయి. ఏటా ఆ తోట కింద నేల కొంచెం కొంచెంగా కుంగుతోంది. కింద నీళ్ళు తోడేసిన కొద్దీ నేల దిగుతుంది; చుట్టుపక్కల బోర్లన్నీ ఏటికేడు లోతుకి పోతున్నాయని నాకు ముందే తెలుసు. సున్నం అడ్డమొచ్చి కనిపించలేదంతే.

జనవరిలో వెళ్ళి అంతా చెప్పాను. టీచరుగారు గ్రాఫు కాగితం మీద గీత వెంట వేలు పోనిచ్చారు. తోటలో బోరు మోటారు ఆడుతోంది.

"నా బోరు ఆపితే ఆగుద్దా?"

"మీదొక్కటే కాదండీ. చుట్టూ ఎన్ని లేవు?"

"నాదొక్కటే అడిగాను బాబూ."

ఒక్క బోరు వల్ల నేల ఎంత దిగుతుందో చెప్పే లెక్క నా దగ్గర లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ కాగితం మడిచి నా చేతికిచ్చి, లేచి వెళ్ళి మోటారు కట్టేసి వచ్చారు.