మూడు షిఫ్టుల గోళి

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. గోదావరిఖనిలో ఉండే రాజయ్య బావ కంటి ఆపరేషన్ రెండోసారి కూడా ఆగిపోయిందని ఆయన భార్య లచ్చవ్వ అక్క చెప్పింది. రెండుసార్లూ అంతా సిద్ధం చేసి, చివర్లో బీపీ చూసి, ఎక్కువుందని వెనక్కి పంపేశారట. ఎడమ కన్ను ఆయనకు ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కుడి కంటికీ శుక్లం ముదిరింది. వచ్చే శుక్రవారానికి మూడో తారీకు ఇచ్చారు. ఆ రోజూ బీపీ దిగకపోతే ఉన్న ఒక్క కన్నూ పోయినట్టేనని అక్క భయం.

వాళ్లు నాకు రక్తసంబంధీకులు కారు. మా నాన్న కోస్తా నుంచి వచ్చి బెల్లంపల్లి గనిలో గుమస్తాగా చేసిన రోజుల్లో పక్క క్వార్టరు వాళ్లది. నేను తర్వాత ఫార్మసీ చదివి, ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో మందులిచ్చి, విజయవాడలో రిటైరయ్యాను. కొత్త మందు ఏది బజార్లోకి వచ్చినా దాని సంగతులు చదవందే నాకు తోచదు. చదివింది అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెబుతాను. నాలుగు నెలల కిందట బావకి అక్కడి డాక్టరు రోజుకు మూడుసార్లు వేసుకునే పాత బీపీ గోళి మాన్పించి, రోజుకొక్కటే వేసుకునే కొత్త రకం రాస్తే, ఫోనులో ఆయనకు ధైర్యం చెప్పింది నేనే. "మందు పాతదే బావా, తయారీ కొత్తది. ఒక్క గోళి మూడింటి పని చేస్తుంది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా నాకు మహా హుషారుగా ఉంది.

ఆదివారం పొద్దున్న ఆరుంబావుకి విజయవాడలో ఢిల్లీ వైపు వెళ్లే రైలెక్కాను. స్లీపర్లో కిటికీ పక్క సీటు. ఇడ్లీ ఇంటి నుంచే తెచ్చుకున్నాను. స్టేషన్లో దొరికే ఇడ్లీ మీద నాకు నమ్మకం లేదు. ఖమ్మం దాటాక ఎదురుగా కూర్చున్నావిడతో మాట కలిసింది. ఆవిడది గుంటూరు వైపు. భర్త జ్యోతినగర్‌లో, కరెంటు ప్లాంటులో ఇంజనీరు. ఒళ్లో చల్లటి సంచి పెట్టుకుని దాన్ని గంటకోసారి తడిమి చూసుకుంటోంది. అందులో ఇన్సులిన్ ఉంది. నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. ఇప్పుడు సూది అక్కర్లేకుండా పీల్చే ఇన్సులిన్ కూడా వచ్చిందనీ, దాని తయారీ ఎలాంటిదనీ, ఎవరికి పనికిరాదనీ కాజీపేట దాకా చెప్పుకొచ్చాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. చివరికి, "అది వచ్చినప్పుడు చూద్దాం లెండి. ముందు ఈ సంచిలో ఐసు రామగుండం దాకా కరక్కుండా ఉంటే చాలు" అంది. కాజీపేటలో టీ తాగి నోరు మూసుకున్నాను.

రామగుండంలో దిగేసరికి పదకొండూ పది. స్టేషన్ బయటే షేర్ ఆటోలు ఉంటాయి, గోదావరిఖని చౌరస్తా అంటే చాలు. నలుగురు నిండితేగాని కదలవు కాబట్టి తొందర ఉన్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. దారిలో ప్లాంటు గొట్టాలు చాలాసేపు కనబడుతూనే ఉన్నాయి. నా పక్కన కమాన్‌పూర్ నుంచి వచ్చిన మనిషి వంకాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గనిలో మొదటి షిఫ్టు ఏడింటికి, రెండోది మూడింటికి, రాత్రిది పదకొండింటికి అని నేను అడగ్గానే చెప్పాడు. నా చిన్నప్పుడూ అంతే. ఈ ఊళ్లలో గడియారం లేని ఇల్లున్నా ఫర్వాలేదు, సైరన్ ఉంటే చాలు.

బావ ఇల్లు చౌరస్తా నుంచి పది నిమిషాల నడక. రెండు గదులు, ముందు రేకుల వసారా. బావ మనిషి సగమయ్యాడు. నా గొంతు విన్నాకే నన్ను గుర్తుపట్టాడు. పొద్దున బాగానే ఉంటాడట; కాసేపటికి కళ్లు బైర్లు కమ్మి మంచం పట్టుకుంటాడట. మళ్లీ మధ్యాహ్నం అంతే, మళ్లీ రాత్రి అంతే. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం బీపీ ఎక్కువే ఉంటోంది. అందుకని డాక్టరమ్మ గోళి డోసు పెంచింది. డోసు పెంచాక తల తిరగడం పెరిగింది. నాకు ఏమీ అంతుబట్టలేదు.

మూడింటికి సైరన్ మోగింది. అక్క లేచి లోపలికి వెళ్లి స్టీలు పళ్లెంలో ఏదో తెచ్చింది. చూద్దును కదా, గోళి ముక్క. మూడో వంతు. అంత నున్నగా కోసిన ముక్కను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. దేనితో కోశావని అడిగితే గూట్లోంచి అడకత్తెర తీసి చూపించింది. రోజూ తెల్లవారగానే మూడు ముక్కలు చేసి పెట్టుకుంటుందట, షిఫ్టుకొకటి. పిసరంత కూడా తేడా రానివ్వనని గర్వంగా చెప్పింది.

అది కోయకూడని గోళి.

ఎందుకు బావా ఇలా చేశావన్నాను. ఆయన తాపీగా చెప్పాడు.

"ఒక్క గోళి మూడింటి పని జేస్తదన్నరు. ఒక్కడే మూడు షిఫ్టులు ఎట్ల జేస్తడు మూర్తీ? సచ్చిపోతడు. రిలీవర్ ఉండాలె గద. అందుకే షిఫ్టుకొక ముక్క పెట్టుకున్న."

అన్నరు, అన్నాడు. ఎవరన్నారో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ గోళి మీద ఒక పొర ఉంటుంది. మందును రోజంతా కొంచెం కొంచెంగా ఒంట్లోకి వదిలేది ఆ పొరే. కోస్తే మందంతా ఒక్కసారే దిగి బీపీ దబ్బున పడుతుంది, తర్వాత ఏమీ మిగలక మళ్లీ పైకెక్కుతుంది. దవాఖానలో వంతు వచ్చేసరికి డాక్టరు చూసేది ఆ ఎక్కిన బీపీనే. ఇది బావకి ఎలా చెప్పాలా అని కాసేపు ఆలోచించాను. ఆయన బెల్లంపల్లిలో మనుషుల్ని గనిలోకి దించే ఇనప బోను, దాన్నే కేజ్ అంటారు, దాని ఇంజను నడిపినవాడు. అదే చెప్పాను. "ఈ గోళిలో మూడు షిఫ్టుల మనుషులూ ఉన్నారు బావా. పైనున్న పొర నీలాంటివాడు. కొందరు కొందరుగా దించుతాడు. కోశారంటే ఆ ఇంజను మనిషిని పీకేసినట్టే. అంతా ఒక్కసారి కేజ్‌లో పడతారు."

బావ పళ్లెంలోని ముక్కను వేలితో తడిమాడు.

"పదారేండ్లు నడిపిన," అన్నాడు. "ఒక్క మనిషి ఎక్కువెక్కినా కేజ్ కదలనియ్యలే. నా ఒంట్లనే గిట్ల జేసుకున్న."

అక్క పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఒకటే మాట, నా చేతులతోనే కోసిన గద తమ్మీ అని.

సోమవారం ఎనిమిదింటికి దవాఖానకు వెళ్లాం. చీటీ తీసుకుని గంటంబావు కూర్చున్నాం. డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపిక ఉన్న మనిషి. అంతా విని, పెంచిన డోసు తీసేసి మొదటి డోసే రాసింది. గోళిని నీళ్లతో మొత్తంగా మింగాలని, కొరకడం, కోయడం కూడదని రెండుసార్లు చెప్పింది. మూడింటి పని అని మీకెవరు చెప్పారని అడిగింది.

"ఎవరు చెప్పలే మేడం. నా తెలివే," అన్నాడు బావ.

నేను పక్కనే ఉన్నాను. ముప్పై ఏళ్లు మందులిచ్చినవాణ్నని అంతకు ముందే ఆవిడకు పరిచయం చేసుకున్నాను. నోరు పెగల్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా పెగల్లేదు.

రెండు రోజులకని వెళ్లినవాణ్ని వారం ఉండిపోయాను. చౌరస్తా దగ్గర లాడ్జీలు ఉన్నాయిగాని అక్క ఒప్పుకోలేదు, వసారాలో మంచం వేసింది. రోజూ ఏడింటి సైరన్‌కి గోళి నేనే ఇచ్చాను. బావ దాన్ని మింగి, గ్లాసు కింద పెట్టి, "డ్యూటీ ఎక్కింది" అనేవాడు. మంగళవారం కొంచెం తల తిరిగింది. బుధవారం లేదు. గురువారం సాయంత్రం ఇద్దరం గోదావరి ఒడ్డు దాకా నడిచాం. చెయ్యి పట్టుకోనివ్వలేదు. శుక్రవారం పొద్దున్న నర్సు బీపీ చూసి రాసుకుంటుంటే అక్కా నేనూ ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాం. ఆమె తలెత్తకుండానే ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లమంది. అక్క అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

శనివారం కట్టు విప్పారు. బావ ముందు అక్కను చూశాడు, ఆ తర్వాత నన్ను. "ముసలోనివైనవ్ మూర్తీ," అన్నాడు.

ఆదివారం ఒంటిగంటన్నరకి తిరుగు రైలు. జనం పలచగా ఉన్నారు, సీటు సుఖంగా దొరికింది. జేబులో గుర్తుగా పెట్టుకున్న ఖాళీ గోళీల అట్ట తీసి కళ్లద్దాలతో వెలుతురుకి పట్టి చూశాను. మొత్తంగా మింగాలి, కోయరాదు అని ఇంగ్లీషులో ఉంది, చీమ కాళ్లంత అక్షరాల్లో. అది బావకి రెండు కళ్లూ ఉన్నా అందేది కాదు. అందుకే ఆయన నా నోటిని నమ్మాడు.

వరంగల్ దాటాక అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట విప్పాను. రొట్టెల కింద పాత చీర ముక్కలో చుట్టి అడకత్తెర ఉంది. కీలు దగ్గర ఇంకా తెల్లటి పొడి అంటుకుని ఉంది. వెంటనే ఫోను చేశాను. ఇంట్లో ఉంటే కంటికి కనబడినప్పుడల్లా పాణం కొట్టుకుంటదని పెట్టానంది.

"తప్పు నీ చేతిది కాదక్కా," అన్నాను. "బావకి ఆ మాట చెప్పింది నేను."

అక్క గొంతు తగ్గించింది.

"ఎరికే తమ్మీ. నువ్వొచ్చిన నాడే ఆయన చెప్పిండు. నువ్వు చెప్పేదాంక అడగొద్దన్నడు."